అతిగా మోగించిన లౌడ్‌స్పీకర్లు: దిగువ కృష్ణా డెల్టా మైక్ సెట్లలో లోపాలు, పరీక్షలు

లౌడ్‌స్పీకరు తట్టుకోగలిగిన దానికన్నా ఎక్కువ కరెంటును ఎక్కువసేపు పంపితే అది రెండు రకాలుగా దెబ్బతింటుంది. లోపలి కాయిలు వేడెక్కి కాలుతుంది, లేదా కోను హద్దుమీరి కదిలి ఏదో ఒక భాగం చిరుగుతుంది. మైక్ సెట్టు వాళ్లు రెండిటినీ కలిపి ‘బాక్సు పోయింది’ అంటారు గాని, రెండిటికీ కారణాలు వేరు, పరీక్షలు వేరు, రిపేరు వేరు. బందరు, గుడివాడ, దివిసీమల్లో పెళ్లిళ్లకూ తిరునాళ్లకూ సభలకూ సెట్లు అద్దెకు తిప్పేవారికి ఇది తరచూ తగిలే సమస్య. బాక్సు ఒక్క దెబ్బకు పోవడం అరుదు. చాలావరకు గంటల తరబడి నీరసిస్తూ వస్తుంది. ఆ నీరసం తెలియకుండా ఆపరేటరు వాల్యూము పెంచుతాడు. అప్పుడు పోతుంది. అందుకే లోపం వెతకడం బాక్సు మూగబోకముందే, అది మోగుతుండగానే మొదలు కావాలి.

ఏ సందర్భానికి ఎంత భారం

ఈ ప్రాంతంలో మైకుకు ఏడాది పొడవునా పని ఉంటుంది. కార్తికంలో చిలకలపూడి పాండురంగ స్వామి ఉత్సవాలు, పౌర్ణమినాడు మంగినపూడిలో సముద్ర స్నానాలు. మార్గశిరంలో మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వర స్వామి షష్ఠి. మాఘంలో ఉయ్యూరు వీరమ్మ తల్లి తిరునాళ్లు, కృష్ణమ్మ సముద్రంలో కలిసే హంసలదీవిలో వేణుగోపాల స్వామి కల్యాణం. వీటికి తోడు చర్చిల కూటాలు, మసీదుల అజాన్, ఎన్నికల సభలు. నిమ్మకూరులో పుట్టిన ఎన్టీ రామారావు 1982లో పార్టీ పెట్టి, చైతన్య రథం మీద నిలబడి ఊరూరా మైకులో మాట్లాడి, 1983లో గుడివాడ నుంచి గెలిచారు. ఊళ్లో మైకు మోగుతోందంటే ఏదో జరుగుతోందని ఇక్కడివారికి అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు.

అన్నిటికన్నా స్పీకరుకు కష్టమైన పని ఏదని అడిగితే డీజే అనే అంటారు. పద్యనాటకమూ తక్కువది కాదు. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి బందరు హిందూ హైస్కూలులో పండితులుగా ఉన్నారు. ఆ జంట రాసిన పాండవోద్యోగ విజయాలు ఈ పల్లెల్లో ఇంకా ఆడుతూనే ఉన్నారు. వేదిక ముందు పైనుంచి వేలాడదీసిన మైకులకు నటుడు నాలుగైదు అడుగుల దూరంలో ఉంటాడు. గొంతు అందక ఆపరేటరు గెయిన్ పెంచుతాడు. బాక్సులోంచి వచ్చిన శబ్దం తిరిగి మైకులో పడి ఒకే స్వరం మీద కూత మొదలవుతుంది. ఆ కూత 2,000, 3,000 హెర్ట్జ్‌ల దగ్గర నిలిచిందంటే ఆంప్లిఫయరు శక్తి అంతా హారన్ వెనకున్న డ్రైవరులోని చిన్న కాయిలు మీదికే పోతుంది. మామూలు పాటలో ఆ కాయిలుకు అందేది మొత్తంలో కొద్ది భాగం. రాత్రంతా రాగాలు పలికించిన డ్రైవరు కొన్ని సెకన్ల కూతకే కాలిపోవచ్చు. కూత మొదలైన క్షణాన ఫేడరు దించాలి. ఏ మైకులోంచి వస్తోందో తర్వాత వెతుక్కోవచ్చు.

మొవ్వ మండలంలోని కూచిపూడికి వెళితే లెక్క తిరగబడుతుంది. నట్టువాంగం తాళాలు, మృదంగం దెబ్బలు ఎత్తుగా లేచి వెంటనే పడిపోతాయి. మీటరులో ఎర్ర లైటు ఒక్కసారి మెరిసినా సగటు తక్కువ కాబట్టి కాయిలుకు చల్లారే వ్యవధి దొరుకుతుంది. ఇలాంటి కచేరీలో శిఖరానికీ సగటుకూ 15 నుంచి 20 డెసిబెల్ తేడా ఉంటుంది. ఊరేగింపుల్లో వేసే నేటి డాన్సు పాటల్లో ఆ తేడా 6 నుంచి 10 డెసిబెల్ మాత్రమే. 10 డెసిబెల్ అంటే పదింతల శక్తి. అదే బాక్సు, అదే ఆంప్లిఫయరు, మీటరులో అదే ఎత్తు. అయినా కూచిపూడి కచేరీలో వెచ్చబడని కాయిలు డీజే పాటకు దాదాపు పదింతల వేడిని మోయాల్సి వస్తుంది. ‘నిన్న ఇదే లెవెల్లో బాగానే మోగింది కదా’ అనే మాటకు సమాధానం ఇక్కడ ఉంది.

వేడి

అయస్కాంతపు సందులో కాయిలు, దానికి అతికిన కోను అనే ఏర్పాటు 1925లో అమెరికాలో రైస్, కెలాగ్ చూపించిన నాటి నుంచి మూలంలో మారలేదు. దాని సామర్థ్యం కూడా పెద్దగా పెరగలేదు. కోను స్పీకరుకు 100 వాట్లు ఇస్తే శబ్దంగా మారేది ఒకటో రెండో, మహా అయితే ఐదు వాట్లు. మిగిలినదంతా కాయిలులో వేడిగానే ఉండిపోతుంది.

రాగి వేడెక్కితే దాని నిరోధం పెరుగుతుంది. గది వేడిమిలో 6 ఓమ్‌లు చూపే కాయిలు 200 డిగ్రీల దగ్గర 10 ఓమ్‌లు దాటుతుంది. నిరోధం పెరిగితే లాగే కరెంటు తగ్గుతుంది, శబ్దం 3 డెసిబెల్ దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడిపోతుంది. వినేవారికి బాక్సు డల్లుగా, ముద్దముద్దగా అనిపిస్తుంది. ఇక్కడే ఆపరేటరు చేయి నాబ్ మీదికి పోతుంది. పడిపోయిన 3 డెసిబెల్‌ను తిరిగి తెచ్చుకోవాలంటే ఆంప్లిఫయరును రెట్టింపు పని చేయించాలి. ఆ రెట్టింపు కూడా వేడిలోకే పోతుంది. కాయిలు కొన్ని సెకన్లలో వేడెక్కుతుంది, చల్లారడమూ అంతే త్వరగా జరుగుతుంది. దాని చుట్టూ ఉన్న ఇనుము, అయస్కాంతం మాత్రం అర గంటకు, గంటకు గాని వేడెక్కవు. ఒకసారి వేడెక్కాయా, కాయిలు వేడి పోవడానికి చోటు ఉండదు. మే నెల ఎండలో ట్రాక్టరు ట్రక్కు మీద నల్ల బాక్సులు పేర్చి మధ్యాహ్నం నుంచి ఊరేగింపు తిప్పితే, మొదటి గంటలో భరించిన లెవెలును నాలుగో గంటలో భరించలేకపోవడానికి కారణం ఇదే.

‘చిన్న ఆంప్లిఫయరు బాక్సును కాల్చలేదు’ అనేది ఈ వృత్తిలో పాతుకుపోయిన నమ్మకం. 200 వాట్ల ఆంప్లిఫయరును హద్దుమీరి తోస్తే తరంగం శిఖరాలు తెగి చదునవుతాయి. జనం ‘సౌండ్ పగులుతోంది’ అనేది దీన్నే. పూర్తిగా తెగి చతురస్రంగా మారిన తరంగంలో, అదే ఎత్తున్న సైన్ తరంగంకన్నా రెట్టింపు శక్తి ఉంటుంది. అంటే 200 వాట్ల పెట్టె 400 వాట్ల దాకా కక్కగలదు. పైగా పాటలో మెల్లగా ఉండాల్సిన భాగాలు కూడా ఎత్తుకు వస్తాయి కనుక హారన్ కాయిలుకు విరామం దొరకదు. బాక్సు మీద 1,200 వాట్లు అని అచ్చేసి ఉంటే అది సాధారణంగా క్షణకాలపు శిఖరం. నిలకడగా మోయగలిగేది అందులో నాలుగో వంతు, 300 వాట్లు. ఆ నాలుగో వంతును చూసి పని చేసేవాడికి బాక్సులు ఏళ్ల తరబడి నిలుస్తాయి.

ఇంకొక పొరపాటు మిక్సరు దగ్గర జరుగుతుంది. మిక్సరులో ఎర్ర లైటు ఆగకుండా వెలుగుతుంటే ఆంప్లిఫయరు నాబ్ సగానికి తగ్గించి ‘సగమే పెట్టాను’ అనుకుంటారు. ఆ నాబ్ లోపలికి వచ్చే సిగ్నలును తగ్గిస్తుందే తప్ప ఆంప్లిఫయరు ఇవ్వగల శక్తికి హద్దు పెట్టదు. మిక్సరులో తెగిన తరంగం తెగినట్టే బాక్సు దాకా వెళుతుంది.

కోను కదలిక

స్వరం లోతుకు దిగేకొద్దీ, అంతే శబ్దం రావాలన్నా బేస్ స్పీకరు కోను ఎక్కువ దూరం కదలాలి. గాలి రంధ్రం ఉన్న పెట్టెలో ఆ రంధ్రం ట్యూన్ అయిన చోటుకన్నా లోతైన స్వరం వస్తే, కోనును పట్టి ఉంచే గాలి ఒత్తిడి పోతుంది. అప్పుడది తోచినంత ఊగుతుంది. ఈక్వలైజరులో బేస్‌ను 12 డెసిబెల్ పెంచడమంటే ఆ స్వరాలకు 16 రెట్ల శక్తి, కోనుకు 4 రెట్ల కదలిక. వాట్లు హద్దులోనే ఉన్నా కాయిలు వెనక ఇనుప పళ్లేనికి కొట్టుకుని టపటపమంటుంది. కాయిలు చుట్టిన గొట్టం నలుగుతుంది. కాయిలును సందు మధ్యలో పట్టి ఉంచే స్పైడరు జిగురు విడిపోతుంది. కోను అంచు చిరుగుతుంది. కాయిలుకు కరెంటు తెచ్చే అల్లిక తీగ తెగుతుంది. ఒక్కోసారి కాయిలు సందులోంచి పైకి లేచి అక్కడే ఇరుక్కుంటుంది. ట్యూనింగుకన్నా దిగువ స్వరాలను కోసేసే హై-పాస్ ఫిల్టరు దీనికి మంచి మందు. ఖరీదైన రిపేర్లన్నిటికన్నా అది చవక.

మైకు ప్లగ్గు లైవులో ఊడదీసి పెట్టడం, జనరేటరు ఆగి మళ్లీ తగలడం, ఆంప్లిఫయరు ఆన్‌లో ఉండగా మిక్సరు ఆపడం కూడా కోనును గట్టిగా తన్నేవే. ఆన్ చేసేటప్పుడు ఆంప్లిఫయరు చివర, ఆపేటప్పుడు అదే ముందు.

కరెంటు, ఉప్పుగాలి

బాక్సు మీద పడే నింద అంతా బాక్సుది కాదు. పొలాల మధ్య ఊళ్లలో వోల్టేజీ 230 నుంచి 180కి పడిపోతే, మామూలు ట్రాన్స్‌ఫార్మరుతో నడిచే ఆంప్లిఫయరు తన పూర్తి శక్తికి చేరకముందే తెగడం మొదలుపెడుతుంది. తాత్కాలికంగా లాగిన త్రీఫేజు లైనులో న్యూట్రల్ ఊడితే 230 వోల్టుల పరికరాల మీద దాదాపు 400 వోల్టులు పడవచ్చు. అప్పుడు ముందు ఆంప్లిఫయరు పోతుంది. దాని అవుట్‌పుట్ ట్రాన్సిస్టరు షార్ట్ అయిందంటే లోపలి డీసీ వోల్టేజీ నేరుగా స్పీకరులోకి వస్తుంది. 70 వోల్టుల డీసీ 6 ఓమ్‌ల కాయిలులో 800 వాట్లకు పైబడిన వేడి. కోను ఒక పక్కకు బిగుసుకుని, నిమిషంలోపే పొగ వస్తుంది. ఇలా పోయిన బాక్సును విప్పి కొత్త స్పీకరు బిగించి అదే ఆంప్లిఫయరుకు తగిలిస్తే రెండోదీ అలాగే పోతుంది.

నాగాయలంక, కోడూరు వైపు, బందరు తీరంలో ఉప్పుగాలి ఏళ్ల తరబడి చేసే పని నెమ్మదిగా ఉంటుంది గాని తప్పదు. టెర్మినళ్లకు పచ్చని చిలుము పడుతుంది, కాంటాక్టు సరిగా లేక చిటపటమంటుంది. కాగితపు కోను చెమ్మ పీల్చి బరువెక్కుతుంది. అయస్కాంతపు సందులో ఇనుము తుప్పు పట్టి పొక్కులు లేస్తే కాయిలు వాటికి రాచుకుంటుంది. గోదాముల్లో ఎలుకలు కోన్లు కొరుకుతాయి, హారన్ గొంతుల్లో కందిరీగలు మట్టి గూళ్లు కడతాయి. వీటిలో ఏదీ అతిగా మోగించడం వల్ల వచ్చింది కాదు. కానీ వినడానికి అచ్చం కాలిన బాక్సులాగే ఉంటాయి. పరీక్ష చేయకుండా కాయిలు చుట్టించడానికి పంపితే డబ్బు దండగ.

పరీక్షించే క్రమం

అనుమానం వచ్చిన బాక్సును గట్టిగా మోగించి చూడటం అన్నిటికన్నా చెడ్డ పరీక్ష. మిగిలిన ప్రాణం కాస్తా దానితో పోతుంది.

ముందు వాల్యూము బాగా తగ్గించి, కుడి ఎడమ వైర్లను ఆంప్లిఫయరు దగ్గర మార్చాలి. లోపం రెండో బాక్సుకు మారితే తప్పు ఆంప్లిఫయరులోనో మిక్సరులోనో ఉంది. అదే బాక్సులో ఉండిపోతే తప్పు వైరులోనో బాక్సులోనో ఉంది. ఈ ఒక్క అడుగు చాలాసార్లు వెతుకులాటను సగానికి తగ్గిస్తుంది. తర్వాత వైరు మార్చి చూడాలి. షామియానా గుంజల కింద నలిగిన వైర్లు, కాళ్ల కింద తొక్కిన జాక్‌లు ఎన్నో మంచి బాక్సుల మీద నింద వేశాయి.

ఆంప్లిఫయరును అనుమానిస్తే, బాక్సు తగిలించకుండా, సిగ్నలు లేకుండా అవుట్‌పుట్ దగ్గర మల్టీమీటరును డీసీ వోల్టులలో పెట్టి చూడాలి. కొన్ని పదుల మిల్లీవోల్టులు ఉంటే భయం లేదు. వోల్టులు కనబడితే ఆ ఆంప్లిఫయరుకు ఏ బాక్సూ తగిలించకూడదు.

బాక్సు వంతు వచ్చాక, వైరు ఊడదీసి ఓమ్‌లు కొలవాలి. 8 ఓమ్‌లు అని రాసిన స్పీకరు మీటరులో సాధారణంగా 5.5 నుంచి 6.5 మధ్య చూపుతుంది. ఇది లోపం కాదు, మీటరు కొలిచేది డీసీ నిరోధాన్ని. అసలు అంకే రాకపోతే కాయిలు గాని, అల్లిక తీగ గాని తెగింది. 2, 3 ఓమ్‌లకు పడిపోతే ఎనామిలు కాలి చుట్లు ఒకదానికొకటి అంటుకున్నాయి. కోనును మెల్లగా నొక్కి వదిలేటప్పుడు అంకె వచ్చి పోతుంటే అల్లిక తీగ సగం తెగి ఉంది. మోగించిన వెంటనే కొలిస్తే అంకె ఎక్కువ వస్తుంది, చల్లారాకే కొలవాలి. బాక్సులోని హారన్‌ను మాత్రం బయటి టెర్మినల్ నుంచి కొలవలేం. స్వరాలను బేస్‌కూ హారన్‌కూ పంచే క్రాసోవరులోని కెపాసిటరు డీసీని ఆపుతుంది కాబట్టి డ్రైవరు బాగున్నా మీటరు దాన్ని చూడదు. వెనక మూత విప్పి డ్రైవరు తీగల దగ్గరే కొలవాలి. కొన్ని క్రాసోవర్లలో రక్షణ కోసం చిన్న బల్బు గాని, వేడికి తెగే ఫ్యూజు గాని ఉంటుంది. హారన్ మూగబోయిందని డ్రైవరు మార్చే ముందు ఆ బల్బును చూడటం మరచిపోకూడదు.

ఓమ్‌లు సరిగ్గా ఉన్నంతమాత్రాన స్పీకరు బాగున్నట్టు కాదు. రెండు చేతుల వేళ్లను మధ్య టోపీ చుట్టూ సమానంగా ఆనించి కోనును లోపలికి నొక్కాలి. ఒక పక్కే నొక్కితే మంచి స్పీకరు కూడా రాచుకుంటుంది. గరగర తగిలితే కాయిలు వంకర తిరిగింది, లేదా సందులో తుప్పో ఇనుప రజనో ఉంది. అసలు కదలకపోతే కాయిలు ఇరుక్కుంది, లేదా కింద పడినప్పుడు అయస్కాంతం పక్కకు జరిగింది. తర్వాత ఫోనులో టోన్ ఆప్ పెట్టి, చాలా తక్కువ వాల్యూములో 200 హెర్ట్జ్ నుంచి మెల్లగా దించుతూ వినాలి. పాటలో దాగిపోయే గీరుడు శుద్ధ స్వరంలో దాగదు. జాలీ, హ్యాండిలు, వదులైన బోల్టు కూడా ఇదే పరీక్షలో బుర్రుమంటాయి. వాటిని చేత్తో పట్టి చూస్తే తేలిపోతుంది.

రిపేరయి వచ్చిన బేస్ స్పీకర్లకు 1.5 వోల్టుల పెన్ సెల్ తాకించాలి. ప్లస్‌కు ప్లస్ తగిలినప్పుడు కోను ముందుకు దూకాలి. జంటలో ఒకటి ముందుకూ ఒకటి వెనక్కూ దూకితే రెండూ కలిసి మోగినప్పుడు బేస్ మాయమవుతుంది. అది తెలియని ఆపరేటరు బేస్ పెంచుతాడు, ఈసారి నిజంగా కాలుస్తాడు. హారన్ డ్రైవరుకు ఈ పరీక్ష చేయకపోవడమే మంచిది, దాని డయాఫ్రం సున్నితమైనది.

హారన్ లైన్లు

గుడి గోపురాల మీదా కరెంటు స్తంభాల మీదా కనిపించే గొట్టపు హారన్లు చాలావరకు 100 వోల్టుల లైనులో, ఒక్కోటి తన ట్రాన్స్‌ఫార్మరుతో నడుస్తాయి. వీటికి ఓమ్‌ల మీటరు లెక్క పనికిరాదు. వాట్ల లెక్క కావాలి. ట్రాన్స్‌ఫార్మరు మీద 30 వాట్ల ట్యాపుకు కట్టిన హారన్ లైనుకు 333 ఓమ్‌ల భారం. అలాంటివి 10 కడితే 33 ఓమ్‌లు, 300 వాట్లు. 250 వాట్ల ఆంప్లిఫయరు మోయగలిగేది 40 ఓమ్‌లు. తిరునాళ్ల నాడు ‘ఇంకో రెండు హారన్లు కట్టండి’ అని కమిటీవాళ్లు అడిగితే ప్రతి హారన్ ట్యాపునూ 15 వాట్లకు మార్చి కట్టడం సరైన దారి. శబ్దం తగ్గేది 3 డెసిబెల్ మాత్రమే. ఈ హారన్ల వెనకుండే యూనిట్లు మాట కోసం చేసినవి. హారన్ కింది హద్దుకన్నా లోతైన బేస్ పంపితే డయాఫ్రం పగులుతుంది కాబట్టి పాటలు వేసేటప్పుడు బేస్ కోయాలి.

చివరి వరుసకు వినబడటం లేదని పెంచడం కూడా బాక్సుల చావుకు పెద్ద కారణం. ఆరుబయట దూరం రెట్టింపయిన ప్రతిసారీ 6 డెసిబెల్ పోతుంది. మీటరు దూరంలో 120 డెసిబెల్ ఇచ్చే బాక్సు 32 మీటర్ల దగ్గర 90 ఇస్తుంది. 64 మీటర్ల దగ్గర కూడా 90 కావాలంటే నాలుగింతల వాట్లు కావాలి. దానికి బదులు 35 మీటర్ల దగ్గర చిన్న జత నిలబెట్టి, వాటికి 100 మిల్లీసెకన్ల డిలే ఇస్తే ముందు వరుస చెవులు నొప్పెట్టకుండా వెనక వరుసకు మాట తెలుస్తుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకరు నిషేధం. ఏడాదికి 15 రోజులు మించకుండా పండుగలకు అర్ధరాత్రి దాకా రాష్ట్రం సడలింపు ఇవ్వవచ్చు.

రిపేరు

కాలిన కోను స్పీకరుకు కాయిలు, స్పైడరు, కోను కలిపి మారుస్తారు. ఇందులో నైపుణ్యమంతా అమరికలోనే ఉంది. పాత జిగురు గీకి, సందులోని రజను అంటుకునే టేపుతో తీసి, కాయిలు చుట్టూ సమానమైన పట్టీలు దూర్చి మధ్యకు తెచ్చి, జిగురు పూర్తిగా గట్టిపడేదాకా ఆగాలి. ‘రాత్రికి ప్రోగ్రాం ఉంది’ అని తొందరపెట్టి పచ్చి జిగురు మీద మోగిస్తే కాయిలు అక్కడే వంకర తిరుగుతుంది. కొత్త కాయిలు తీగ మందం, చుట్ల ఎత్తు పాతదానితో సరిపోకపోతే బాక్సు మోగుతుంది గాని జతకు జత కలవదు. హారన్‌కు డయాఫ్రం ఒక్కటే మార్చవచ్చు. పేరున్న కంపెనీ పెట్టెలో నకిలీది రావడం మామూలే కాబట్టి బిగించాక ఓమ్‌లు కొలిచి, తక్కువ వాల్యూములో స్వరం కిందికీ పైకీ నడిపి వినాలి.

ఈ తీరంలో ఒక హారన్‌కు మిగతావాటికన్నా ఎక్కువ బాధ్యత ఉంది. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమలో వేల మందిని పొట్టన పెట్టుకుంది. ఇప్పుడు తుపాను వస్తోందంటే బందరులోని రాడారు ముందే చూస్తుంది, కబురు మండలానికి చేరుతుంది. చివరి ఊరికి, చివరి ఇంటికి దాన్ని చేర్చే సాధనాల్లో ఆటో మీద కట్టిన హారన్ ఒకటి. పెళ్లిళ్ల సీజనంతా పాటలు మోగించి డయాఫ్రం పగిలిన యూనిట్లో గొంతు వస్తుంది గాని మాట అర్థం కాదు. అక్టోబరుకు ముందే పంచాయతీ హారన్లను దించి, గొంతులో గూళ్లు తీసి, యూనిట్ విప్పి ఓమ్‌లు కొలిచి, టెర్మినళ్ల చిలుము గీకాలి. తర్వాత ఒకరు ఆటోలో మామూలు గొంతుతో ఊరి పేరూ తేదీ చదువుతుంటే, ఇంకొకరు ఊరి చివర నిలబడి విన్న మాటలు కాగితం మీద రాసుకోవాలి. రాసినదాంట్లో తప్పు వస్తే వాల్యూము ముట్టుకోకుండా యూనిట్ మార్చాలి.